కరువొస్తే పైసలు ఎవరింటికి పోతాయి?

మూసీ ఒడ్డు (మిర్యాలగూడ)
కష్టకాలంలో అందరూ మునుగుతారని అంటారు గానీ నాకు నమ్మకం లేదు. ఒకడి జేబులోంచి పోయిన పైసలు గాలిలో కలిసిపోవు కదా, ఇంకో జేబులోకే పోతాయి. నల్గొండ, పాలమూరు జిల్లాల వాళ్లకు కరువు చుట్టం లాంటిది, కాబట్టి ఆ రెండో జేబు ఎవరిదో మనకే బాగా తెలియాలి. వానలు పడనప్పుడు, పనులు దొరకనప్పుడు, లాక్‌డౌన్ లాంటివి వచ్చినప్పుడు మీ చుట్టుపక్కల ఎవరు బాగుపడ్డారు? పేర్లు వద్దు, ఏం పని చేస్తారో చెప్పండి చాలు. అంబానీ, అదానీల సంగతి కూడా వద్దు. మండలం దాటకండి.

ముందు నేనే మొదలుపెడతా: బోరు బండి. 2023 వానాకాలం దెబ్బకొట్టింది. ఆ యాసంగికి సాగర్ ఎడమ కాలువ కింద సాగుకు నీళ్లివ్వలేదు. బోర్లను నమ్ముకుని నాట్లేసిన వాళ్లకు ఫిబ్రవరి, మార్చికల్లా బోర్లు ఆగిపోయాయి. వరి పొట్ట మీద ఉంది, ఇంకో నాలుగు తడులు అందితే గట్టెక్కుతుంది. ఆ నాలుగు తడుల కోసం లక్ష రూపాయలు భూమిలో పోసినవాళ్లు మా ఊళ్లోనే ఉన్నారు. ఉన్న రెండెకరాలూ పండినా ఖర్చులు పోను లక్ష మిగలదని వాళ్లకు తెలియదా? తెలుసు. అయినా పోశారు. రాత్రంతా రిగ్గుల మోతే.

బత్తాయి తోట (చండూరు)
బోరు బండి లెక్క నాకంటే బాగా ఎవరికీ తెలియదు, నా పైసలే అంతగా పోయాయి.

అడుగుకింత అని రేటు. మొదటి మూడు వందల అడుగుల దాకా ఒక రేటు, అక్కడి నుంచి వందకొకసారి పెరుగుతుంది. కేసింగ్ పైపు వేరు. నీళ్లు పడితే ఎంతో, పడకపోతే అంతే. ఇక్కడే ఉంది కిటుకంతా. మూడు వందల దగ్గర తెల్లటి పొడి లేస్తుంటుంది. రైతు మొహం వాడిపోతుంది. అప్పుడు ఏజెంటు వచ్చి పిడికెడు పొడి తీసి మన అరచేతిలో పోసి "చూడు పటేలా, చెమ్మ తగుల్తుంది, ఇంకో వంద పోదాం" అంటాడు. నిజంగా చెమ్మ ఉందో, మన చేతికే చెమట పట్టిందో ఆ టైంలో ఎవరికి తెలుస్తుంది? నాలుగు వందలు దాటాక ఆపడం ఇంకా కష్టం, అప్పటిదాకా పెట్టింది పోతుందన్న బాధ. రేటు పెరిగేదీ అక్కడే, మనం ఆగలేనిదీ అక్కడే.

ఒక సంగతి చెప్పాలి. మా దగ్గర కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని బోరు ఎక్కడ వేయాలో పాయింటు చూసే ముసలాయన ఉన్నాడు. నీళ్లు పడితేనే దక్షిణ తీసుకుంటాడు, పడకపోతే చాయ్ కూడా తాగడు. మిషన్ పట్టుకుని బైక్ మీద వచ్చే సారు మాత్రం పాయింటు పెట్టకముందే ఫీజు లెక్కపెట్టుకుంటాడు. రెండింటిలో ఏది సైన్సో మీరే చెప్పండి.

రాతి గుట్ట (కల్వకుర్తి)
అన్నా, రిగ్గు వాళ్ల గురించి అంత సులువుగా అనకండి. నేను నాలుగేళ్లు ఒక రిగ్గుకు లోకల్ ఏజెంటుగా పనిచేశా. చెమ్మ డైలాగ్ నేనూ కొట్టిన మాట నిజం, సిగ్గేం లేదు, కమీషన్ అడుగుల మీదే కదా.

కానీ ఆ బండి ఎవరిది? మన దగ్గర తిరిగే వాటిలో చాలా వరకు తమిళనాడులోని తిరుచెంగోడు వైపు నుంచి వచ్చినవే. రిగ్గు ఒక లారీ, కంప్రెసర్, పైపులు, డీజిల్ మోసేది ఇంకో లారీ. దాని మీద పనిచేసే పిల్లలు ఒడిశా, ఛత్తీస్‌గఢ్ వాళ్లు. లారీ కిందే పడుకుంటారు, దుమ్ములోనే వండుకుంటారు. ఓనర్‌కు నెలనెలా కిస్తీ. కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు మా వైపు చెరువుల్లోకి వచ్చిన ఏడాది మా రిగ్గుకు వారానికి ఒక్క బోరు కూడా దొరకలేదు. కాలువ పారితే ఊరంతా పండగ, మా ఓనర్‌కు మాత్రం కిస్తీ టెన్షన్. ఆఖరికి బండిని కర్ణాటక పంపించాడు. అక్కడ కరువుందని ఎవరో చెప్పారట.

ఇంతకీ లాభం చూసిందెవరు? బండికి అప్పిచ్చిన ఫైనాన్స్ వాడు. వానొచ్చినా ఎండొచ్చినా వాడి తారీఖు మారదు.

మోటర్ వైండింగ్ (దేవరకొండ)
నన్ను కూడా మీ లిస్టులో వేసుకోండి. బోర్లలో నీళ్లు అడుగంటితే మోటర్ ఖాళీగా తిరుగుతుంది, కాలుతుంది. లో ఓల్టేజీ వస్తే కాలుతుంది. ఒక ఫేజు పోయినా కాలుతుంది. మూడూ ఎండాకాలంలోనే. మా నాన్న రోజుల్లో మార్చి నుంచి మే దాకా షాపు ముందు కాలిన మోటర్లు వరుసగా పడి ఉండేవి. ఒక్కో రైతు వచ్చి "ముందు నాది చుట్టు" అని బతిమాలేవాడు. రాత్రి కరెంటు ఇచ్చే కాలం, తెల్లారేసరికి మళ్లీ రెండు వచ్చేవి. మా ఇల్లు కట్టింది ఆ సీజన్లలోనే.

2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు అన్నారు. కరెంటు మీద మీకు ఏ రాజకీయ అభిప్రాయం ఉన్నా ఉండనీ, నా షాపు లెక్క చెప్తా: కాలే మోటర్లు సగానికి సగం తగ్గాయి. ఓల్టేజీ బాగుపడింది, రాత్రిపూట ఆటోమేటిక్ స్టార్టర్ల మీద వదిలేసే బాధ తగ్గింది. మా బావ రైతు, ఆయన సంతోషంగా ఉన్నాడు. నేను ఫ్యాన్లు, మిక్సీలు చుట్టుకుంటూ కూర్చున్నా. 2024లో నీళ్లు అడుగంటినప్పుడు మళ్లీ మోటర్లు వచ్చాయి. పని దొరికిందని నవ్వలేను, వచ్చినవాళ్లంతా తెలిసినవాళ్లే. ఏడవలేను, పిల్లల ఫీజులు కట్టింది ఆ నెలలోనే.

చింతచెట్టు (నాగర్‌కర్నూల్)
వైండింగ్ అన్నా, కాలిన రాగి తీగ ఎవరిది? మా దగ్గర షాపు వాళ్లే ఉంచుకుంటారు. కిలో రాగి రేటు చూస్తే చుట్టుకూలి కంటే అదే ఎక్కువ.

మోటర్ వైండింగ్ (దేవరకొండ)
మా దగ్గర అడిగితే ఇచ్చేస్తాం. అడగరు.

చింతచెట్టు (నాగర్‌కర్నూల్)
అడగొచ్చని ఎవరికి తెలుసు మరి!

లేబర్ అడ్డా (మక్తల్)
మీరంతా నీళ్ల దగ్గరే తిరుగుతున్నారు. మా వైపు కరువంటే వలస. పాలమూరు లేబర్ కట్టని డ్యామ్ దేశంలో ఉందా అని పెద్దవాళ్లు అనేవారు. అందరి పొలాలకు కాలువలు తవ్వి, తమ పొలం బీడు పెట్టుకున్న జనం.

వాన పడకపోతే ఎవరికి గిరాకీ? గుంపు మేస్త్రీకి. దసరా దాటగానే ఊళ్లో దిగుతాడు. భార్యాభర్తల జంటకింత అని అడ్వాన్సు. పంట బాగున్న ఏడాది అదే జంట "ఇంత ఇస్తేనే వస్తాం" అని బేరమాడుతుంది. కరువు ఏడాదిలో మేస్త్రీ ఎంతంటే అంతకే బండెక్కుతారు, ఎందుకంటే విత్తనాల షాపులో బాకీ, పెళ్లి బాకీ నెత్తి మీద ఉంటాయి. అడ్వాన్సు చేతికొచ్చిన సాయంత్రమే షాపువాడు ఇంటికొస్తాడు. నేను కళ్లారా చూశా: మేస్త్రీ లెక్కపెట్టి ఇచ్చిన నోట్లు అదే అరుగు మీద, అదే దీపం కింద విత్తనాల సేటు చేతికి పోయాయి. మనిషి ఆరు నెలలు అమ్ముడుపోయాడు, ఇంట్లోకి పావుకిలో చక్కెర కూడా రాలేదు.

2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు ఇదే లేబర్ తిరిగి రావాలి. పూణె నుంచి మా వాడకట్టు వాళ్లను తెచ్చిన జీపు వాడు మామూలు కిరాయికి నాలుగింతలు తీసుకున్నాడు. పాసు తెప్పించిన పెద్దమనిషికి వేరే. సంపాదించుకొచ్చింది దారిలోనే అయిపోయింది.

డ్వాక్రా అక్క (మహబూబ్‌నగర్)
తమ్ముడూ, ఆ బాకీల కథ ఆడవాళ్ల వైపు నుంచి కూడా వినండి.

2010 గుర్తుందా? అప్పట్లో వాడవాడకూ మైక్రో ఫైనాన్స్ పిలగాండ్లు. వారం వారం మీటింగు, ఒకామె కట్టకపోతే మిగతావాళ్లు కట్టాలి. ఒకటి తీర్చడానికి రెండోది, రెండోది తీర్చడానికి మూడోది. ఆ ఏడాది ఆగస్టులో ఎస్‌కేఎస్ అనే మైక్రో ఫైనాన్స్ కంపెనీ షేర్లు మార్కెట్లోకి వచ్చాయి, ఒక్కో షేరు 985 రూపాయల ధరకు. ఎగబడి కొన్నారు. అదే అక్టోబరులో ఆత్మహత్యల గొడవ ముదిరి అప్పటి ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది, వారం వసూళ్లు బందయ్యాయి. అంటే పేదవాళ్ల వారం కిస్తీ దలాల్ స్ట్రీటులో పండగయిన రెండు నెలలకే ఊళ్లలో కూలిపోయింది. షేర్లు ఆ మధ్యలో అమ్ముకున్నవాడే తెలివైనవాడు. ఇప్పుడు పిలగాండ్లు మళ్లీ తిరుగుతున్నారు, చేతిలో ట్యాబు ఉంది, అంతే తేడా.

బంగారం సంగతి ఇంకా విచిత్రం. లోకం బాగా లేనప్పుడే బంగారం రేటు పెరుగుతుంది. మనకు పైసలు కావాల్సిందీ అప్పుడే. పోయిన ఏడాది మూడు తులాలకు ఇచ్చిన అప్పు ఈసారి రెండు తులాలకే ఇస్తుంటే మేలు జరిగినట్టే అనిపిస్తుంది. 2020 ఆగస్టులో రిజర్వు బ్యాంకు కూడా బ్యాంకుల్లో బంగారం విలువలో 90 శాతం దాకా అప్పివ్వొచ్చని కొన్ని నెలలు వెసులుబాటు ఇచ్చింది. అంతకుముందు 75 శాతమే. కుదువ పెట్టింది విడిపించుకునే శక్తి మాత్రం ఎవరూ ఇవ్వలేదు. మా గ్రూపులో ఒకామె పుస్తెలతాడు ఇచ్చి పసుపుతాడు కట్టుకుంది. కౌంటర్లో కూర్చున్న అమ్మాయి నల్లపూసలు ఒక్కొక్కటి తీసి పక్కన పెట్టి, లక్క ఉందని ఇంత తగ్గించి, అప్పుడు తూకం వేసింది. ఆ నల్లపూసలు కాగితంలో పొట్లం కట్టి తిరిగిచ్చింది. వడ్డీ కట్టలేకపోయినవాళ్లకు వేలం నోటీసు వచ్చింది. ఇంటి పేరు తప్పు, ఎన్ని గ్రాములో మాత్రం కరెక్టు.

నీళ్ల బండి (మునుగోడు)
ఇదంతా చదివితే కష్టంలో డబ్బు తీసుకునేవాడు ప్రతివాడూ దొంగే అన్నట్టుంది. నాకు రెండు ట్యాంకర్లున్నాయి. ఎండాకాలం బత్తాయి తోటలకు నీళ్లు తోలా. ట్యాంకరు ఐదు వేల లీటర్లు. డీజిల్, డ్రైవరు, బోరు ఓనర్‌కు ట్యాంకు లెక్కన ఇచ్చేది, టైర్లు. నేను తోలకపోతే ఆ చెట్లు అప్పుడే పోయేవి. గిరాకీ ఉన్నప్పుడు రేటు పెంచానా అంటే పెంచా. వరి ధర పెరిగితే రైతు తగ్గించి అమ్ముతాడా?

ఇంకోటి. మా ప్రాంతం ఫ్లోరైడు ప్రాంతమని లోకమంతా తెలుసు. నల్గొండ పేరు చెబితే వంకర కాళ్ల ఫొటోలే వేశారు ఇన్నేళ్లు. ఆ భయంతోనే ఊరూరా ఆర్వో ప్లాంట్లు వచ్చాయి, క్యాన్ల వ్యాపారం నడిచింది. ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం పైలాన్ చౌటుప్పల్‌లో పెట్టారు, తర్వాత నల్లా నీళ్లు వచ్చాయి. అయినా జనం క్యాన్లు మానలేదు. భయం మీద మొదలైన వ్యాపారం అలవాటు మీద నడుస్తోంది. ప్లాంటు వాడు ఏం పాపం చేశాడు?

బత్తాయి తోట (చండూరు)
నీళ్ల బండి తమ్మీ, నిన్ననడం లేదు. నువ్వు తోలితే ఇంకో ఏడాది బతికిన తోట నాదే కావచ్చు. కానీ ఒక లెక్క చూడు. తోట పెట్టేటప్పుడు గుంతలు తీసింది జేసీబీ, గంటకింత. బోర్లు ఎండి చెట్లు మోడులైతే పీకింది కూడా జేసీబీ, అదే గంటకింత. అదే బండి, అదే డ్రైవరు. "ఈ చేనులో ఇంతకుముందు వచ్చినట్టున్నా" అన్నాడు పాపం. పీకిన మొద్దుల్ని బొగ్గు బట్టీ వాళ్లు వచ్చి ట్రాక్టరుకింత అని తీసుకుపోయారు. ఏళ్ల తరబడి ఎరువు పోసి పెంచిన చెట్టు కట్టెల రేటుకు పోయింది. చేను అమ్ముదామంటే హైదరాబాద్ నుంచి వెంచర్ వాళ్లు తయారు. ఎండిన చేనుకే బేరం తొందరగా తెగుతుంది, పచ్చగా ఉంటే ఎవడమ్ముతాడు?

సైదులు గుట్ట (సూర్యాపేట)
సర్కారును మరిచిపోయారు. 2023లో వైన్ షాపుల టెండర్లు: రాష్ట్రంలో 2,620 షాపులు, దరఖాస్తుకు 2 లక్షలు, తిరిగివ్వరు. 1.31 లక్షలకు పైగా దరఖాస్తులొచ్చాయి. ఖజానాకు 2,600 కోట్ల పైచిలుకు, సీసా మూత తీయకముందే. 2025లో ఫీజు 3 లక్షలు చేశారు. దరఖాస్తులు 95 వేల చిల్లరకు తగ్గాయి, ఆదాయం 2,850 కోట్లు దాటింది. మా కాలనీలో నలుగురు కలిసి చిట్టీ ఎత్తి వేశారు. లక్కీ డ్రాలో పేరు రాలేదు. ఎవరిని అడుగుతారు?

లాక్‌డౌన్‌లో పనులు బందైన నెలన్నరకు, 2020 మే 6న షాపులు తెరిచారు, 16 శాతం రేటు పెంచి, చీప్ లిక్కర్‌కు 11. ఆ రోజు లైను చూసినవాళ్లకు పైసలు లేవంటే ఎలా నమ్మేది?

డ్వాక్రా అక్క (మహబూబ్‌నగర్)
ఆ లైన్లో నిలబడ్డ నోట్లు ఎవరి పోపుల డబ్బాలోవో మాకు తెలుసు.

గ్రూప్ వన్ వాదిని (ప్రస్తుతం ఇంటి దగ్గరే, వనపర్తి)
దరఖాస్తు ఫీజుల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. ఉద్యోగాలు లేకపోవడమే పెద్ద పరిశ్రమ. గ్రూప్-1 నోటిఫికేషన్ 2022లో ఇచ్చారు. ప్రిలిమ్స్ అక్టోబర్ 16న రాశాం. పేపర్ లీకేజీ బయటపడి 2023 మార్చిలో రద్దు చేశారు. జూన్ 11న మళ్లీ రాశాం. సెప్టెంబర్‌లో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024లో కొత్త నోటిఫికేషన్, 563 పోస్టులు, జూన్ 9న మళ్లీ ప్రిలిమ్స్. ఇక ఒక్కో రద్దుకు హైదరాబాద్‌లో కోచింగ్‌ల అడ్డా అశోక్‌నగర్‌లో ఎవరికెంత వచ్చిందో వేసుకోండి. హాస్టల్ కిరాయి, మెస్, స్టడీ హాల్లో కుర్చీ కిరాయి, టెస్ట్ సిరీస్, మళ్లీ కొత్తగా "రివిజన్ బ్యాచ్". పరీక్ష అనుకున్న రోజున జరిగిపోయి ఉంటే సగం మంది ఊళ్లకు వెళ్లిపోయేవాళ్లు. మా హాస్టల్ ఓనరు రద్దు వార్త టీవీలో చూసి "అయ్యో పాపం" అన్నాడు, సాయంత్రానికి మూడో అంతస్తులో ఇంకో రెండు మంచాలు వేయించాడు. జిరాక్స్ అంగడి వాడు కొత్త మిషన్ కొన్నాడు.

ఐదు రూపాయల భోజనం కౌంటర్ దగ్గర మాత్రం నష్టానికి పెట్టారు. మాకు మిగిలింది అదే.

మూసీ ఒడ్డు (మిర్యాలగూడ)
అందరివీ చదివాక నాకొకటి కనిపిస్తోంది. బోరు బండి, మిషన్ సారు, వైన్ షాపు ఫీజు, కోచింగ్, జేసీబీ. వీళ్లందరికీ ఫలితంతో పని లేదు. నీళ్లు పడనీ పడకపోనీ, ఉద్యోగం రానీ రాకపోనీ, ముందే లేదా అడుగు అడుగుకూ తీసుకుంటారు. పడిందా లేదా అన్న టెన్షన్ మొత్తం ఇవతలివాడిది. నీళ్లు పడితేనే తీసుకునే కొబ్బరికాయ ముసలాయన ఒక్కడే మన వైపు నిలబడ్డాడు, ఆయనేమో ఇప్పటికీ గుడిసెలోనే ఉండి ఉంటాడు.

కంది రైతు (కోస్గి)
అంత తేలిగ్గా తేల్చేయకండి. ఫలితం మీద పందెం కాసి గెలిచేవాళ్లూ ఉంటారు. 2015లో కందిపప్పు పట్నంలో కిలో 200 దాటింది. అప్పటికి మా ఇళ్లలో కంది గింజ లేదు, సంక్రాంతి తర్వాతే అమ్ముకున్నాం. గోదాము ఉన్నవాడి దగ్గరే ఉంది. రేటు చూసి మరుసటి వానాకాలం అందరం కందే పెట్టాం, వానలూ పడ్డాయి, పంటా దండిగా వచ్చింది. సర్కారు మద్దతు ధర బోనస్‌తో కలిపి క్వింటాలుకు 5,050. మార్కెట్లో దాని కిందకే అడిగారు. కొనుగోలు కేంద్రం ముందు రాత్రిళ్లు బస్తాల మీదే పడుకున్నాం. గన్నీ సంచులు లేవని ఆపితే ఆగలేనివాళ్లు పక్క సందులో బేరగాడికి ఇచ్చేశారు. కొన్నాళ్లకు అదే కంది వేరే రైతు పాసుబుక్కు మీద అదే కేంద్రంలో తూకానికి వచ్చింది.

కరువులో పోయినవాళ్లం, పంట పండినప్పుడూ పోయినవాళ్లం మేమే. బేరగాడు రెండు సార్లూ నిలబడ్డాడు. కాబట్టి ముందే తీసుకోవడం కాదు సంగతి, ఆగగలగడం. రేటు వచ్చేదాకా ఎవడికి ఆగే ఓపిక ఉందో వాడిదే లాభం. ఆగడానికి గోదాము కావాలి, ఇంట్లో తిండి గింజలు కావాలి, ఇంటి ముందు బాకీలవాడు ఉండకూడదు.

లేబర్ అడ్డా (మక్తల్)
ఇది కరెక్టు. మేస్త్రీ బేరంలో కూడా ఇదే. వారం ఆగగలిగిన జంటకు రేటు పెరుగుతుంది.

చింతచెట్టు (నాగర్‌కర్నూల్)
పంటల బీమా గురించి ఎవరూ అనలేదే. 2016లో ఫసల్ బీమా వచ్చినప్పుడు వానాకాలం ఆహార, నూనెగింజల పంటలకు రైతు వాటా 2 శాతం. లోన్ ఇచ్చేటప్పుడే బ్యాంకులో కట్ చేసుకునేవారు. 2020 నుంచి మన రాష్ట్రం అందులోంచి బయటికి వచ్చింది. ఉన్నప్పుడు పరిహారం కోసం తిరిగాం, లేనప్పుడు బీమా కోసం అడిగాం.

నీళ్ల బండి (మునుగోడు)
సరే, ఒక మాట. నీళ్లు పడితేనే పైసలు అనే బోరు బండి ఎందుకు లేదు? ఉంటే జనం ఎగబడరా?

రాతి గుట్ట (కల్వకుర్తి)
మా ఓనర్‌ను ఒకసారి అడిగా. నవ్వాడు. మా వైపు రాయిలో మూడు వేస్తే రెండు ఫెయిలు. ఫెయిలైన రెండింటి డీజిలు ఎవరు పెట్టుకోవాలి? నీళ్లు పడిన రైతు మీదే మూడు బోర్ల ఖర్చు వేయాలి. రేటు మూడింతలు చెప్తే ఎవరూ ఒప్పుకోరు, "పక్క బండి అడుగుకు తక్కువకే వేస్తాడు" అంటారు. పైగా పడ్డాయా లేదా అన్న దాని మీదే పంచాయితీ. ఇంచు నీళ్లు పడ్డట్టా కాదా? రెండు రోజులు పోసి ఆగిపోతే? తనకు పడలేదని చెప్పి, బండి పోయాక మోటర్ దించుకునేవాళ్లుంటారు. ఎవరూ తక్కువ కాదన్నా.

మోటర్ వైండింగ్ (దేవరకొండ)
దించుకుంటారు. దించిన మోటర్లు నేనే చుట్టా.

బత్తాయి తోట (చండూరు)
రాతి గుట్ట తమ్మీ, మూడింతలంటే కష్టం గానీ రెండింతలకు మీ పాత ఓనరు ఒప్పుకుంటాడేమో ఒకసారి అడిగి చూడు. ఉగాది దాటాక తూర్పు గట్టున ఒక పాయింటు అనుకుంటున్నా. ముసలాయన అక్కడ కాయ నిలబడింది అన్నాడు. నెంబరు మెసేజ్‌లో పెట్టు.